ఆయన అలాంటి మనిషి కాదు

సీరియల్ రాసేవాడు ఎదురుపడితే ఆ రోజు కడిగి పారేసేదాన్నే. మూడేళ్లుగా చూస్తున్నాం. అందులో విశ్వనాథ్ అనే పెద్దాయన ఉన్నాడు. ఇంట్లో ఏ గొడవొచ్చినా ఇద్దరి మాటా విన్నాకే నోరు విప్పుతాడు. అలాంటి మనిషి, ఎవడో ఫోన్‌లో ఒక ఫొటో చూపించగానే కోడల్ని ఒక్క ముక్క అడగకుండా బయటికి గెంటేశాడు. ఎందుకట? కోడలు ఇంట్లో ఉంటే కథ సాగదు. అంతే!

నాకంటే మా ఆయన వెంకటరాజుకే ఎక్కువ మండింది. "మూడేళ్లు అలా ఉన్న మనిషి ఒక్క పూటలో ఇలా అయిపోతాడా? మన చెవుల్లో పువ్వులు కనిపిస్తున్నాయా వీళ్లకి?" అంటూ రిమోట్ మంచం మీదికి విసిరేశారు.

పక్క చేను నూకరత్నం కూడా సీరియల్‌కి రోజూ మా ఇంటికే వస్తుంది. "ఆయన అలాంటి మనిషి కాదండి రాజుగారు. రేపో ఎల్లుండో తెలుసుకుంటాడు చూడండి" అని ఈయన్నే ఓదార్చింది.

ఆ నూకరత్నానికి ఉన్నదల్లా మా చేనుకి ఆనుకున్న ఎకరం. భీమవరం చుట్టుపక్కల అన్ని ఊళ్లలాగే మా ఊళ్లోనూ వరి చేలు రొయ్యల చెరువులైపోతున్నాయి. పక్కన చెరువు పడిందంటే ఉప్పునీరు గట్టు కిందనుంచి ఊరి వస్తుంది, వరి మాడిపోతుంది. ఆమెకి ఆ ఎకరమే తిండి. ఆ మధ్య ఆమె చేనుకి అవతలి పక్క రైతు చెరువు తవ్వించబోతే, మా ఆయన పొక్లెయిన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భోజనం కూడా అక్కడికే పట్టుకెళ్లాను. ఆ రోజు ఆయన్ని చూసి నాకెంత గర్వమేసిందో!

సీరియల్‌లో ఆ ఫొటో చూపించిన మర్నాడే, అప్పటికి రెండో పంట దాళ్వా కోతలు అయిపోయాయి, ఆయన స్నానం చేసొచ్చి తల తుడుచుకుంటూ చెప్పారు.

"మన చేను చెరువుకి లీజుకిచ్చేశాను. ఇవాళ తవ్వడానికి వస్తారు."

"మరి నూకరత్నం?"

"అందరూ తవ్వేసుకుంటున్నారు. మనమొక్కళ్లమే వరి పట్టుకుని ఏం బావుకున్నాం? నీకు తెలీదు, ఊరుకో."

ఒళ్లు భగ్గుమంది. సీరియల్‌వాడు కనీసం ఒక దొంగ ఫొటో పుట్టించాడు, ఉరుములూ మెరుపులూ వేశాడు. ఈయనకి అవేమీ అక్కర్లేకపోయింది. తల ఆరేలోపు మారిపోయారు.

"నిన్న మీరు తిట్టింది ఎవర్ని?" అన్నాను.

"అది కథ. ఇది బతుకు."

"కథలోవాడికి రిమోట్ విసిరారు. మీకేం విసరమంటారు?"

జవాబు కోసం ఆగలేదు. వరండాలో ఉన్న అదే ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని చేలోకి నడిచాను. అప్పటికే పొక్లెయిన్ లారీ దిగింది. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

డ్రైవర్ అచ్చిబాబు దిగి వచ్చాడు. "లేవండమ్మగారండి. రాజుగారే రమ్మన్నారండి."

బండి చప్పుడుకి నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే మా ఆయన మోటార్ సైకిల్ గట్టు మీద ఆగింది. నేను అందరికీ వినపడేలా గొంతెత్తాను.

"నువ్వు పొరపాటు పడ్డావయ్యా. మా ఆయన అలాంటి మనిషి కాదు. ఇలాంటి బండికి అడ్డంగా కూర్చున్న మనిషి. నూకరత్నం నోటి దగ్గర కూడు తీసే పని ఆయన చచ్చినా చెయ్యరు. కావాలంటే అదిగో, ఆయన్నే అడుగు."

అచ్చిబాబు అటు తిరిగాడు. "ఏం చెయ్యమంటారండి?"

నూకరత్నం కూడా ఆయన వంకే చూసింది. ఆ చూపులో అనుమానమన్నదే లేదు. ఆయన చెప్పుతో మట్టి గీకుతూ నిలబడ్డారు. చివరికి తలెత్తకుండానే, "బండి తీసుకెళ్లిపో. లీజు తీసుకున్నాయనతో నేను మాట్లాడుకుంటాను" అన్నారు.

నూకరత్నం ఎదురెళ్లి రెండు చేతులూ జోడించింది. "నాకు తెలుసండి రాజుగారు. మీరు అలాంటి మనిషి కాదండి."

ఆ మాట ఈయనకి దక్కింది చూడండి, అదీ నా కడుపుమంట! అసలు సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే ఆమె ముందు నిలబెట్టుకోవాల్సిన పేరు ఈయనకి ఉండదు. మళ్లీ మారడానికి అడ్డమూ ఉండదు. అందుకే మింగేశాను.

ఇంటికి బయల్దేరుతూ ఆయన వంగి కుర్చీ తియ్యబోయారు.

"అక్కడే ఉండనివ్వండి" అన్నాను.