ఒకే ఇంటిపేరు

మేనమామ తెచ్చి బల్ల మీద పడేసిన గోనెసంచిని చూడగానే ఆమెకు తల పట్టుకోవాలనిపించింది. చుట్టూ బీరువాల నిండా అట్టలకు అతికించిన ఎండు మొక్కలు. వాటికి పేర్లు తేల్చడమే ఆమె ఉద్యోగం.

"తాళ్ల కోసం నార మొక్కలు వేసుకున్నానమ్మా, అనుమతి కూడా ఉంది. ఎక్సైజు ఇన్‌స్పెక్టరేమో గంజాయేనంటాడు. రేపటికల్లా కాదని తేల్చకపోతే పొలం తగలబెట్టిస్తాట్ట. ఏదో వేరే పేరు రాసి పడెయ్యి, నీ సొమ్మేం పోయింది?"

"ఉద్యోగం పోతుంది. నారదీ మత్తుదీ శాస్త్రంలో ఒకే జాతి మావయ్యా. కన్నాబిస్ సటైవా."

"మూడు జాతులని మొన్న నువ్వే అన్నావుగా!"

"అనేవాళ్లున్నారన్నాను! ఒకాయన ఒకటన్నాడు, తర్వాతాయన రెండన్నాడు, ఇంకొకాయన మూడన్నాడు. పైఅధికారి మారినప్పుడల్లా అట్టలు ఆ బీరువాలోంచి ఈ బీరువాలోకి మోసి నా చేతులు పడిపోయాయి. ఇప్పుడు చాలామంది ఒకటేనంటున్నారు."

"ఒకటే ఎలా అవుతుందే? నాది పీల్చినా తుమ్ము తప్ప ఏమీ రాదు."

"నీదీ చిన్నమావయ్యదీ ఒకే ఇంటిపేరు కదా. నువ్వు టీ కూడా ముట్టవు, ఆయన సీసా వదలడు. ఇంటిపేరు చూసి ఎవరు తాగుతారో చెప్పగలనా?"

మేనమామ కాస్త మెత్తబడ్డాడు. "మరి ఏం చూసి చెప్తారు?"

"పూలగుత్తుల్లో మత్తు ఎంతుందో ప్రయోగశాలలో కొలుస్తారు." సంచి విప్పింది. అన్నీ ఆకులూ కాడలే. "పూలేవి?"

"అవి ఉంటే అనుమానపడతారని మీ అత్తా నేనూ నిన్నంతా కూర్చుని గిల్లేశాం. గొయ్యి తీసి పాతిపెట్టాం కూడా."

మత్తు లేదని చూపించగల ఒక్క సాక్ష్యాన్నీ చేజేతులా గోతిలో పెట్టి వచ్చాడు మహానుభావుడు!

"పూలు మాయమైతే అమ్ముకున్నావనుకుంటారు మావయ్యా! పొలమంతా గిల్లేశారా?"

"ఎక్కడ! చివరి సాళ్లు రెండు మిగిలాయి. మీ అత్తకి నడుం పట్టేసింది."

అత్త నడుముకి మనసులోనే దండం పెట్టుకుని, ఆమె ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసింది. గోతి సంగతీ దాచకుండా చెప్పింది. ఆయన బాగా విసుక్కుని, చివరికి తానే వచ్చి ఆ సాళ్ల పూలు కోసి పరీక్షకు పంపుతానన్నాడు. ఫలితం వచ్చేదాకా నిప్పు పెట్టనన్నాడు.

"ఇంటికెళ్లు. అత్తని మంచం దిగనివ్వకు. నువ్వూ ఆ పొలం గట్టెక్కకు."

మేనమామ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మరి పేరు..."

"మావయ్యా!"