పొడిగుడ్డ

ఎండ నడినెత్తికి వచ్చేసరికి పాలిషు మనిషి కుడి భుజం కొయ్యబారిపోయింది. ఎదురుగా గుడ్డ టాపు జీపు. దాని వెనకవైపు ప్లాస్టిక్ అద్దం సన్నటి గీతలు పడి, ముసలి కంటికి పొర కమ్మినట్టు తెల్లగా మసకబారి ఉంది. సన్న గరుకు కాగితం తడిపి ఒక దఫా, పేస్టు పూసి మెత్తటి గుడ్డతో మరో దఫా రుద్దాలి. గట్టిగా నొక్కితే ప్లాస్టిక్ వేడెక్కి ముడుచుకుంటుంది. మెల్లగా రుద్దితే షెడ్డు ఓనరు మొహం ముడుచుకుంటుంది.

గీతలన్నీ అందరూ తుడిస్తే పడే గీతల్లా కాకుండా రెండో వైపుకు వంగి ఉన్నాయి. ఎడమచేతి గీతలు. ఆ షెడ్డులో ఎడమచేతి వాటం ఉన్నది ఒక్కరికే. ఆమె అతని పెళ్ళాం. పదడుగుల అవతల, బళ్ళు కడిగే చోట, ఇంకో జీపు అద్దాన్ని పొడిగుడ్డతో బరబరా తుడుస్తోంది.

అద్దాలకు తడి తగలనివ్వొద్దన్నది ఓనరు హుకుం. "ముందు నీళ్ళు కొట్టి దుమ్ము వదలగొట్టొద్దా అండీ?" అని చేరిన కొత్తలో ఆమె అడిగింది. "మరకలు పడతాయి. చెప్పింది చెయ్యి" అన్నాడాయన. ఆమె అనుమానం తీరక, పొడిగుడ్డతో గీతలు పడవా అని ఇంట్లో మొగుణ్ణి అడిగింది. అవి రోడ్డు మీద పడే గీతలేనని అతను కంచంలోంచి తలెత్తకుండా చెప్పాడు. కడిగితే యాభై, గీతలు తీస్తే నాలుగొందలు. అందులో నలభై అతనిది. అద్దం మీద గీత పడితేనే ఆ కంచంలోకి ముద్ద. ఈ లెక్క ఓనరు అతనికి ఎప్పుడూ నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

జీపు డ్రైవరు బీడీ పారేసి దగ్గరికొచ్చాడు. బడి పిల్లల్ని తిప్పుకుని బతికే మనిషి.

"ఏం బావా, నెల తిరక్కుండా మళ్ళీ నీ చేతికే వచ్చింది నా బండి. పోనీ నీకే ఇచ్చి పెళ్ళి చేసెయ్యనా?"

పాలిషు మనిషి గుడ్డకి ఇంకాస్త పేస్టు అద్దుకున్నాడు. డ్రైవరు చూపు కడిగే వైపు మళ్ళింది. అక్కడే నిలిచిపోయింది.

"దుమ్ము మీద పొడిగుడ్డా! ఓయమ్మా, ఆపు! ఇంట్లో అంట్లు కూడా ఇలాగే తోముతావా?"

ఆ అరుపుకి ఓనరు బయటికొచ్చాడు. మాట మాత్రం వెన్నపూస. "ఎందుకు తమ్ముడూ అరుస్తావు? ఆడమనిషి, పైగా ఎడమచెయ్యి. పోనీలే పాపమని పనిచ్చాను. నీ నాలుగొందలు దాని కూలిలో కోసి నీకిస్తాను, సరేనా?"

"నా కూలిలోనా!" గుడ్డ ఆమె చేతిలోనే నలిగిపోయింది. "తడి తగలనివ్వొద్దన్నది మీరే కదండీ!"

"నేనా? ఎవరన్నా విన్నారా?" ఓనరు పాలిషు మనిషి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవోయ్. నేనెప్పుడన్నా అన్నానా? లేదను, నీ పని నువ్వు చూసుకో."

లేదని ఒక్క మాట. అంటే అతని పని నిలుస్తుంది, ఆమె పని పోతుంది. అనకపోతే రెండూ పోతాయి. ఇంటద్దె వాడికి ఏ మాటా అక్కర్లేదు, డబ్బే కావాలి. పాలిషు మనిషి పేస్టు చేతుల్ని చొక్కాకే తుడుచుకున్నాడు.

"అన్నారు" అన్నాడు. ఒకడుగు ముందుకేశాడు. మళ్ళీ అన్నాడు. "అన్నారు. గీతలు పడతాయని మీకు తెలుసు. నాకూ తెలుసు. పడాలనే అన్నారు."

డ్రైవరు కాండ్రించి ఉమ్మేశాడు. "తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళని చూశాగానీ, పొడిగుడ్డతో కోసేవాణ్ణి ఇదే చూడటం!"

వెన్నపూస కరిగిపోయింది. "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నడవండి బయటికి! గేటు దగ్గర కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతాను."

ఆమె ఓనరు వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది.

"రోడ్డు గీతలన్నావు."

అతను పేస్టు డబ్బాకి మూత పెట్టాడు.

"నాచేత గీయించి నువ్వు తుడుచుకున్నావు. ఇంటికి పద, నీ సంగతి అక్కడ తేలుస్తా." అప్పుడు ఓనరు వైపు తిరిగింది. "పొద్దుట్నుంచి చేసిన పనికి కూలివ్వండి."

"అద్దాలు పాడుచేసినందుకా కూలి?"

"పాడుచెయ్యమన్నారు, చేశాను. మీరు చెప్పిన పనే. ఇవ్వండి."

ఓనరు చెయ్యి జేబులోకి పోలేదు. ఆమె వెళ్ళి దారికి అడ్డంగా, గేటు మధ్యలో నిలబడింది. అప్పుడే లోపలికి రాబోతున్న కారు ఆమె మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. హారన్ మోగింది. పాలిషు మనిషి నడిచి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె అతని నుంచి ఒకడుగు దూరం జరిగింది గానీ, దారి మాత్రం వదల్లేదు. కారు వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. అదీ హారన్ కొట్టడం మొదలుపెట్టింది.