వాగులో వంకరైన వలలు

నల్గొండ కాలేజీలో పరిశోధన చేస్తున్న ఉష, అచ్చంపేట అవతలి అడవివాగుకు రెండోసారి వచ్చింది. ఆ వాగు రాళ్ల కింద క్యాడిస్ పురుగులుంటాయి. రెక్కలు రాకముందు అవి నీళ్లలోనే బతుకుతాయి. నోటి నుంచి పట్టుపోగు తీసి, పారే నీటికి ఎదురుగా గోరంత వల అల్లి, కొట్టుకొచ్చే తిండిని పట్టుకుంటాయి. నీళ్లు చెడితే బతకలేవు.

కార్తీకంలో చూసినప్పుడు వలకళ్లన్నీ ఒక్కతీరుగా ఉన్నాయి. ఇప్పుడు మాఘంలో రాయి తిప్పి భూతద్దం పెట్టేసరికి వల తీరే మారిపోయింది. కొన్ని కళ్లు పూడిపోయాయి, కొన్ని సాగిపోయాయి. పోగులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి.

వేరే జాతేమోనని పురుగును గాజుపలక మీద పెట్టి చూసింది. వీపున మూడు గట్టి పెంకులు, పొట్ట కింద కుచ్చుల్లాంటి మొప్పలు, తల మీద అదే పసుపు మచ్చ. జాతి మారలేదు.

అచ్చంపేటకొచ్చి వల ఫోటోను బాపుకు పంపింది. ఆమె తండ్రి ధర్మయ్య నలభై ఏండ్లు మగ్గం మీద కూసున్న మనిషి. వెంటనే ఫోన్ చేసిండు.

"ఎవరు నేసిండ్రు బిడ్డా గిది? పని రానోడైతే కాదు. పనొచ్చినోడే, పాణం బాగలేక నేసినట్లుంది."

మర్నాడు ఉష వాగు వెంట పైకి నడిచింది. మైలు దూరంలో ఎవరో కొత్తగా బోరు వేసి వదిలేసిన గుంత కనిపించింది. అందులోంచి బూడిదరంగు బురద సన్నగా వాగులోకి జారుతోంది. చుట్టూ ఒక్క పిట్ట అరుపు లేదు. సీసాలో నీళ్లు పట్టుకుని దిగుతుంటే, చెంచుగూడెం హనుమమ్మ కడవతో ఎదురైంది.

"అవ్వా, గీ నీళ్లు తాగకుండ్రి. పరీక్షకు పంపుతున్న."

"తాగక ఏం జెయ్యాలె బిడ్డా? మాకు గీ వాగొక్కటే."

అచ్చంపేట తాగునీటి ఆఫీసులో సీసా, దరఖాస్తు తీసుకున్నారు. పరీక్ష ఫలితానికి పదిహేను దినాలన్నారు. పన్నెండో నాటికే ఉష ఉండబట్టలేక మళ్లీ వచ్చింది. ఒక రాయి తిప్పింది, పది తిప్పింది, ఇరవై తిప్పింది. వల లేదు, పురుగు లేదు.

హనుమమ్మ నిండు కడవతో గట్టెక్కుతూ నవ్వింది.

"ఇంక ఫికర్ జెయ్యకు బిడ్డా. నీళ్లు సాఫైనయి. కడవల ఒక్క పురుగు గుడ వస్తలేదు."

ఉష పరుగున పోయి కడవ అంచు పట్టుకుంది. "పారబొయ్యి అవ్వా!"

హనుమమ్మ కడవ వదల్లేదు. గూడెం దిక్కు నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో దిగుతున్నారు.