తల్లికి తీరిక లేదు

"సూదులేసే పనికే ఇంత అలసటేంది?" అన్నాడు మా ఆయన జయపాల్, నేను జొన్నరొట్టె తడుతుంటే. పన్నెండేళ్లుగా వింటున్న మాటే. రొట్టె పెనం మీద వేశాను.

ఆరోజు నా సంచిలో ఒక కాగితం ఉంది. నేను ఆత్మకూరులో నర్సుని. ఈ ఏడు పిల్లలందరికీ అదనంగా ఒక డోసు తట్టు టీకా వేశాం. దానికి ముందొకసారి, తర్వాతొకసారి, చీటీలు తీసి ఎంచిన ఇళ్లలో పిల్లల వేలి నుంచి రక్తం చుక్క తీశాం. టీకాతో ఊళ్లో ఎంతమందికి రక్షణ పెరిగిందో తేల్చే సర్వే అది. వందకు డెబ్బైగా ఉన్నది తొంభై మూడుకు చేరిందని పెద్ద డాక్టరు మమ్మల్ని మెచ్చుకున్నాడు. చీటీలో మా ఇల్లూ వచ్చింది. నా సంచిలోది ఆ ఫలితమే. మా ఆరేళ్ల ప్రేమజ్యోతికి చిన్నప్పటి డోసులు ఒంటికి పట్టలేదట. ముందూ రక్షణ లేదు, తర్వాతా లేదు.

టీకాల రోజు నేను అడవి గూడెంలో నూటపది మంది పిల్లలకు సూదులేస్తున్నాను. పాపను బడి దగ్గరికి తీసుకుపొమ్మని జయపాల్‌కు ముందురోజే చెప్పాను. సాయంత్రం వచ్చేసరికి దాని చిటికెన వేలి గోరు మీద నల్లగీత ఉంది. టీకా వేశాక మేం పెట్టే గుర్తు. ఎంత సంతోషించానో, నడుం లాగుతున్నా ఆయనకు టీ పెట్టిచ్చాను.

నూటికి ఇద్దరు ముగ్గురికి ఏ డోసూ పట్టదు. ఆయన తరఫున ఆ లెక్క నాకు నేనే చెప్పుకున్నాను. అయినా మనసాగక పాపను పిలిచి, ఆరోజు సూది నొప్పి పుట్టిందా అని అడిగాను.

"సూది యాడేసినారు మా? శానామంది ఉండారని నాయన ఇంటికి తోడుకొచ్చినాడు. ఇంట్లో ఉన్న నీ పెన్నుతో గీసి, అమ్మకు చెప్పద్దన్నాడు."

కోపం కన్నా ముందు సిగ్గేసింది. వేల వేళ్లు చూసినదాన్ని, నా బిడ్డ వేలు చూసి మోసపోయాను.

అడిగితే జయపాల్ రొట్టె తుంచుకుంటూ, "ఒక్క సూదికి ఏమైతాదిలే" అన్నాడు. మా అత్త జీవమ్మ అందుకుంది. "మగోడు ఆడోళ్ల వరసలో నిలబడతాడా? ఊరి బిడ్డలకు ఏసేదానివి, నీ బిడ్డను నువ్వే చూసుకోవాల."

మర్నాడు పాపకు టీకా వేశాను. ఆ తర్వాత, డోసు అందని పిల్లలకు నింపే ఫారం తీశాను. కారణాలు అచ్చువేసి ఉన్నాయి. తల్లికి తెలియదు. తల్లి భయపడింది. తల్లికి తీరిక లేదు. బిడ్డకు జ్వరం. ఇన్నేళ్లలో ఎంతమంది తల్లుల మీద నేనే టిక్కులు కొట్టానో.

"తీరిక లేదని కొట్టు ప్రసన్నా, నువ్వు డ్యూటీలో ఉంటివి కదా. ఇంటి సంగతి కాగితం మీదికెక్కితే ఆయప్పకు నామోషీ" అంది మా సూపర్‌వైజర్ నాగరత్నమ్మ.

'ఇతర కారణాలు' అన్నచోట రాశాను: తండ్రి టీకా వేయించలేదు. వేయించానని తల్లిని నమ్మించాడు.

కింద ఆరోగ్య కార్యకర్త అన్నచోట ఒక సంతకం, తల్లి అన్నచోట ఒక సంతకం పెట్టాను.