పాడుకోవడం

...అయినా వేలం అనగానే సుత్తి ఎందుకు చూపించాలి? నల్లకోటు తొడుక్కున్న మనిషి బల్ల మీద కొయ్యసుత్తితో టక్కున కొట్టడం సినిమాల్లో తప్ప ఎవరం చూశాం? మన మాటల్లో వేలానికి సుత్తి లేదు. పాట ఉంది. ధర చెప్పడాన్ని పాడటం అంటాం. సరుకు దక్కించుకున్నవాణ్ణి పాడుకున్నాడు అంటాం. గొంతు బొంగురైనా, జన్మలో ఒక్క రాగం తెలియకపోయినా, పైధర చెప్పినవాడిదే పెద్ద పాట. ఇంత మంచి మాట నోట్లో పెట్టుకుని సుత్తి కోసం వెతకడమేమిటి అనుకుంటూ, స్టవ్వు బర్నరు చిల్లుల్లో గుండుసూది పెట్టి మసి తీస్తున్నాను. పొద్దున పాలు పొంగి మొత్తం పట్టేసింది.

"ఎదురుగా నిలబడే పొంగబెట్టావు. కళ్ళు ఇక్కడే ఉన్నాయి, మనసెక్కడ పెట్టావమ్మాయ్?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

మనసు టీవీలో ఉంది. హాల్లో టీవీ ఆపేసే ఉంది. నా తలలో మాత్రం ఒకటి నడుస్తూ ఉంటుంది, దాని రిమోటు ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఆ మాట ఆవిడతో అనలేను కదా. "ఇదిగో, అయిపోయిందత్తయ్యా" అన్నాను.

మా ఆయన ప్రకటనల కంపెనీలో మాటలు రాసేవాళ్ళకి పెద్ద. వాళ్ళకి కొత్తగా ఒక వేలం వెబ్‌సైటు పని వచ్చింది. ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువుకి ఫొటో తీసి అందులో పెడితే, ఎవరింట్లో కూర్చుని వాళ్ళు ధర పాడొచ్చు. దానికి టీవీలో మూడు ప్రకటనలు కావాలి. ఆ వెబ్‌సైటు తరఫున వచ్చే మేనేజరుకి ఈయన వేలం మేడం అని పేరు పెట్టారు. ఆవిడకి ఏదీ ఒక పట్టాన నచ్చదట. మూడూ ఒప్పించగలిగితే ఈయనకి పైపోస్టు ఖాయమట.

ఒకప్పుడు నేనూ ఆ ఆఫీసులోనే మాటలు రాసేదాన్ని. పెళ్ళయ్యాక, ఒకే ఆఫీసులో మొగుడూ పెళ్ళాం ఇద్దరెందుకు అన్నారు. ఇద్దరెందుకు అన్నారే గాని, సరే, ఉండే ఆ ఒక్కరూ ఎవరు అని ఎవరూ అడగలేదు. అది తేలిపోయిన సంగతే అన్నట్టు నాకు వీడ్కోలు టీ ఇచ్చారు. అప్పట్నుంచీ ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఏమోయ్, ఏమన్నా తట్టిందా?" అని అడుగుతారు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకిష్టం. రోజంతా నన్నడిగేవన్నీ వస్తువుల గురించే. నా తువ్వాలేది, నా మందుబిళ్ళేది, నా జామెట్రీ బాక్సేది. ఇల్లంతా ఏది ఎక్కడుందో నా తలలో ఉండాలి. తలలో ఇంకేమైనా ఉందా అని అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. దానికోసం నేను మధ్యాహ్నం నుంచే తయారవుతానని ఆయనకి తెలియదు. కొందరు సాయంత్రానికి తల దువ్వుకున్నట్టు నేను ఒక ఆలోచనని చిక్కు తీసి పెట్టుకుంటాను.

ఆ సాయంత్రం మొదటిది చెప్పాను. వరండాలో గోడకి ఆనించిన పాత సైకిలు. ఎవరో ఫొటో తీసిన చప్పుడు. వెంటనే, గడ్డానికి నురగ పూయించుకుంటున్న ఒకాయన కూనిరాగంలో ఒక అంకె పాడతాడు. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ నర్సు కాస్త పైస్థాయిలో ఇంకో అంకె. నిచ్చెన మీద గోడకి రంగు వేస్తున్నవాడు ఇంకా పైన. మంగలి కూడా ఉండబట్టలేక కత్తి ఆపి అందుకుంటాడు. అందరూ అలా మెడనరాలు ఉబ్బేలా పాడుతుంటే, ఒక బోసినోటి ముసలావిడ కిటికీలోంచి ఎవరికీ అందనంత పైకెత్తి ఒక్క అంకె పాడుతుంది. అందరి నోళ్ళూ మూతపడతాయి. తర్వాత ఆవిడ వీధిలో గంట కొట్టుకుంటూ సైకిలు తొక్కుతూ పోతుంది. తెర మీద రెండు మాటలు: నచ్చిందా? పాడుకోండి.

ఆయన రెండో బూటు విప్పడం మరిచిపోయారు.

"పాడుకోండి..." అని రుచి చూస్తున్నట్టు అని, "మనం కొట్టేశామోయ్! మనం మూడింటికీ ఇదే మాట పెడదాం" అన్నారు.

రెండోది మా పడగ్గదిలోంచే తీశాను. పెద్ద ట్రెడ్‌మిల్లు, దాని నిండా తడిబట్టలు. ఒక ఇల్లాలు బట్టలన్నీ తీసి దాన్ని తుడిచి ఫొటో పెడుతుంది. పాట మీద పాట. పక్క ఊళ్ళో ఇంకో ఇల్లాలు ఎగిరి గంతేసి పాడుకుంటుంది. లారీలోంచి యంత్రం దిగుతుంది. ఆవిడ దాన్ని ప్రేమగా నిమిరి, బకెట్టు తెచ్చి, తడిబట్టలు ఆరేస్తుంది.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "ఓసినీ, ఇది మన ట్రెడ్‌మిల్లే కదే!"

"మీదే" అన్నాను.

రెండూ వేలం మేడం వాళ్ళు ఒప్పుకున్నారని ఆయన నాతో చెప్పలేదు. ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. మర్నాడు టిఫిను తింటూ మాత్రం నాతో అన్నారు: "ఎల్లుండి మేం షూటింగుకి ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాం. మేం అనుకున్నలాంటి ముసలావిడ కూడా దొరికింది."

మేం. చేతిలో ఉన్న ప్లేటు కడుగుతూనే ఉన్నాను. అది ఎప్పుడో శుభ్రమైపోయింది. మనం అంటే వింటున్న మనిషి కూడా లోపల ఉన్నట్టు. మేం అంటే వింటున్న మనిషి బయట ఉన్నట్టు. మొన్నటిదాకా మనం అనుకున్నాం, మనం కొట్టేశాం. పని అయిపోయాక మేం వెళ్తున్నాం. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. మాట మారినట్టు ఆయనకే తెలియదు. నన్ను కలవరపెట్టింది అదే. తెలిసి చేసే దొంగతో పోట్లాడొచ్చు. నాలుక దానంతటది గీసేసిన గీత గురించి ఎవరితో పోట్లాడేది? అడిగితే, 'మాటకి రంధ్రాన్వేషణ మొదలుపెట్టావా' అంటారు. నిజమే, నా పనే అది. మాటల్లో చిల్లులు వెతికినందుకే జీతం తీసుకునేదాన్ని ఒకప్పుడు.

ఆ సాయంత్రం దుప్పట్లు మడతపెడుతూ అడిగాను.

"ఆ రెండూ నేను చెప్పినవని అక్కడ చెప్పారా?"

"ఎవరికి?"

"వేలం మేడానికి. మీ ఆఫీసు పెద్దాయనకి."

"పిచ్చిదానా, యాడ్ల మీద ఎవరి పేరూ వెయ్యరు. నా పేరు కూడా పడదు, తెలుసా?"

"పేరు పడకపోతేనేం, పోస్టు పడుతుందిగా."

ఆయన ఫకాలున నవ్వారు. నా హాస్యం అంటే ఆయనకి మొదట్నుంచీ ఇష్టమే. "ఆగాగు, ఇది కూడా ఎక్కడో వాడొచ్చు" అని, నా మొహం చూసి, "మనిద్దరికీ నీదీ నాదీ ఏంటోయ్? మూడోది ఆలోచించు ముందు. ఆదివారం ఆవిణ్ణీ పెద్దాయన్నీ భోజనానికి పిలిచాను. ఆలోగా వస్తే అక్కడే చెప్పేస్తా. అన్నట్టు కూరలో కారం తగ్గించు, ఆవిడకి పడదట" అన్నారు.

మూడోది మర్నాడే వచ్చింది. వచ్చిందనడం కన్నా జరిగింది అనాలి. అసలా వెబ్‌సైటు ఎలా పనిచేస్తుందో చూద్దామని, ఏదైనా ఒక వస్తువు నేనే అమ్మకానికి పెట్టబోయాను. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మూల పడి ఉన్న పాత మిక్సీకి ఫొటో తీయబోతే, "అదెందుకు? అది నేను ముచ్చటపడి కొన్నది, ఉండనీ" అంది అత్తయ్య. పుస్తకాల బీరువా ఆయనది. పాత బ్యాగు మీద చెయ్యి వెయ్యగానే, "అమ్మా! నా సామాన్లు ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అని మా అమ్మాయి చదువుతున్న గదిలోంచే కేకేసింది. గోడకి కళ్ళుంటాయేమో. కుట్టుమిషను దగ్గరికి వెళ్ళాను. "అది అందరిదీనమ్మాయ్, ఇంటిది. అమ్మేస్తే జాకెట్లెవరు కుడతారు?" అంది అత్తయ్య. ఎవరు కుడతారో ఇద్దరికీ తెలుసు. ఈ ఇంట్లో నేను తుడవని వస్తువు లేదు. నాది అని ఫొటో తీయగలిగింది దొరకలేదు. ఏడుపేమీ రాలేదు. ఆశ్చర్యం వేసింది, సొంత ఇంట్లో కొత్త గది కనబడినట్టు.

అమ్మడానికేం లేక ఇతరులు పెట్టినవి చూస్తూ కూర్చున్నాను. ఒక గొడుగు కనబడింది. పచ్చగుడ్డ, కొయ్యపిడి. 'ఒక్కరికే సరిపోతుంది' అని ఎవరో నిజాయితీగా రాశారు. చాలాసేపు చూశాను. తర్వాత ఫోను పక్కన పెట్టి కూరగాయలు తరగడానికి లేచాను. నా తలలో నడిచే టీవీలో మాత్రం ఆ ఆడమనిషి లేవలేదు. ఇల్లంతా తిరిగి, ప్రతి వస్తువు దగ్గరా 'అది నాది' అనిపించుకుని, చివరికి ఆ గొడుగు ముందు నిలబడి నోరు తెరిచింది. గొంతు సవరించుకుని పాడింది, పెద్దగా ఏం బాగుండదు ఆ పాట. ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి, మనింట్లో గొడుగుల్లేవా అన్నారు. ఆవిడ హాలు మధ్యలో గొడుగు విప్పుకుని నవ్వింది. పాడుకోండి.

అప్పుడు చూశాను ఆ మాట వంక. పాడటం ఎవరికోసమైనా కావచ్చు. పాడుకోవడం తనకోసం. చివర అతుక్కున్న 'కొను' అనే ఆ చిన్న ముక్కని విడదీస్తే కొనడం. మన పెద్దలెవరో, తనకోసం చేసే ఏ పనికైనా ఒక కొనుగోలు తగిలించి పెట్టారు. చెప్పడం, చెప్పుకోవడం. రాయడం, రాసుకోవడం. ఆ మాట ఇచ్చింది నేనే. లోపల ఏముందో చూడకుండానే ఇచ్చేశాను.

ఆ సాయంత్రం బూట్లు విప్పుకుంటూ అడిగారు. "ఏమన్నా తట్టిందా?"

"లేదండీ."

నీళ్ళు రాని కుళాయిని చూసినట్టు చూశారు. "ఊరికే ఆ వంటింట్లో పడుంటే బుర్ర ఎలా పనిచేస్తుంది? కాస్త బయటికి రా" అని, "టీ పెట్టావా?" అన్నారు.

ఆదివారం వరకూ దాన్ని లోపలే పెట్టుకుని తిరిగాను. చెప్తే అది కూడా మేం అయిపోతుంది. చెప్పకపోతే నాలోనే మురిగిపోతుంది, నాకు తెలుసు, అలా మురిగిపోయినవి చాలా ఉన్నాయి. మెచ్చుకోలు కావాలా నాకు? కాదనుకుంటా. ఆ గొడుగు విప్పిన ఆడమనిషి గురించి నా నోటితో నేను చెప్తుంటే, ఎదుటి మనిషి మొహం మారడం నా కళ్ళతో చూడాలని ఉంది. అంతే. ఆయన రోజూ చూసేది అదే, ఆయనకది జీతంలో భాగం.

వేలం మేడం పేరుకి తగ్గట్టు లేదు. పొట్టిగా, అలిసిపోయి ఉంది. బల్ల కింద చెప్పులు వదిలేసి వేళ్ళు కదుపుకుంటోంది. "మీరూ కూర్చోండి" అంది నాతో.

"తను తర్వాత తింటుందిలెండి, అలవాటే" అన్నారు మా ఆయన.

"చెల్లెమ్మా, కూర అదిరిపోయింది. పొద్దుట్నుంచీ ఎంత కష్టపడ్డావో పాపం" అన్నారు పెద్దాయన.

"తనకివన్నీ చిటికెలో పని సార్."

మేడం అన్నం కలుపుతూ, "నాకొకటి చెప్పండి. ఆ బోసినోటావిడ అంత పైకెత్తి పాడటం మీకెలా తట్టింది? మా వాళ్ళంతా అదే అడుగుతున్నారు" అంది.

"మేమంతా కూర్చుని ఏవో మాట్లాడుకుంటుంటే వచ్చిందండీ. ఒక్కోసారి అలా గాల్లోంచి వచ్చేస్తాయి."

గాలి గరిట పట్టుకుని ఆయన భుజం వెనకే నిలబడి ఉంది.

"మూడోది ఇంకా రాలేదు మరి" అంది మేడం. "రేపటికి లేకపోతే ఆ ఒక్కటీ వేరేవాళ్ళకి ఇవ్వమంటున్నారు మా పైవాళ్ళు."

పెద్దాయన దగ్గారు. ఆ దగ్గుకి మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల వెనక్కి తిప్పి నా కళ్ళలోకి చూశారు. "మనం ఏదో అనుకున్నాం కదోయ్ మొన్న?"

మనం. ఇన్ని రోజుల తర్వాత. సిగ్గులేకుండా నా ప్రాణం లేచొచ్చింది. ఆయన మొహంలో నిజంగానే భయం ఉంది, నాకు జాలేసింది. ఒక్క మాట చెవిలో ఊదితే చాలు, ఈ పూట గడిచిపోతుంది. ఆయనా అదే అనుకున్నట్టున్నారు, బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయారు.

"పెరుగు తేవాలి కదా, పద, నేనూ వస్తా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో వంటింట్లోకి వస్తానన్నది అదే మొదలు.

"పెరుగు మీ ముందే ఉందండీ" అన్నాను.

గరిట కూరగిన్నెలో పెట్టి, మేడం పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూర్చుంటే ఆ బల్ల మరోలా ఉంది. అందరి మొహాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"గాల్లోంచి రాలేదండీ. ఆ రెండూ నేను రాశాను. మూడోది కూడా ఉంది" అన్నాను. గొంతు కాస్త బొంగురుపోయింది.

పెద్దాయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన సగం లేచినవారు అలాగే ఉన్నారు. మేడం మాత్రం నన్నే చూస్తోంది, కంచం కొంచెం పక్కకి జరుపుకుని చోటిచ్చింది.

"చెప్పండి" అంది.

"చెప్తాను. ఆకలేస్తోంది, ఒక్క నిమిషం" అని, ఒక కంచం అందుకుని వడ్డించుకున్నాను.