మధ్యాహ్నం రెండింటి వాసన

ఆ సెంట్ల షోరూములో సూపర్వైజరుకి ముక్కుదొర అని పేరు. ఏది అసలో ఏది కాపీయో ఒక్క పీల్పుతో చెప్పేస్తానని ఆయన కోతలు. నిరుడు ఓ మధ్యాహ్నం కౌంటర్ పిల్ల పక్కనుంచి వెళ్తూ ముక్కు మూసుకున్నాడు.

"ఫుట్‌పాత్ సరుకు పూసుకొచ్చావా? ఏం కంపు!" అని షోరూమంతా వినేలా అరిచాడు.

ఆమె పొద్దున కొట్టుకున్నది కొనేవాళ్లు వాసన చూడ్డానికి షోరూములో పెట్టే టెస్టర్ సీసాలోదే. ఎంత మొత్తుకున్నా వినలేదు. పైగా అబద్ధాలకోరని ముద్ర వేసి ఉద్యోగం ఊడగొట్టాడు, మహానుభావుడు.

ఆమె ఏడ్చింది, తిట్టుకుంది, ఆ తర్వాత సరిగ్గా షోరూముకి ఎదురుగానే బండి పెట్టి కాపీ సెంట్లు అమ్మడం మొదలుపెట్టింది. అడిగినవాళ్ల దగ్గర దాపరికం లేదు. "మొదటి అరగంట రెండూ ఒకటేనక్కా. తర్వాత నాది ఎగిరిపోతుంది. వాళ్లది ఉంటుంది గానీ, వాసన మారిపోతుంది."

రోజుకు వందసార్లు ఆ మాట చెప్తుంటేనే ఆమెకి ముక్కుదొర గుట్టు దొరికింది. ఆయనకి తెలిసిందల్లా ఆ మొదటి అరగంటే!

షోరూము యజమానురాలు వచ్చే రోజు దాకా పళ్లు బిగబట్టి ఆగింది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి లోపలికెళ్లి, సెంటు కొట్టిన రెండు కాగితం పట్టీలు ఆయన ముందు పెట్టింది.

"చెప్పండి సార్, కాపీ ఏది?"

యజమానురాలు పక్కనే ఉండేసరికి ఆయనకి హుషారొచ్చింది. మొదటిది వాసన చూసి, "ఇది మాది" అన్నాడు. రెండోదానికి మొహం చిట్లించాడు. "ఇది నీ బండిది. ఛీ!"

"వెనక్కి తిప్పి చూడండమ్మా," అంది ఆమె యజమానురాలితో.

రెండింటి వెనకా షోరూము ముద్ర ఉంది, టైము రాసి ఉంది. మొదటిది ఇప్పటిది, రెండోది పొద్దున పదింటిది.

"రెండూ మన టెస్టర్‌లోవేనమ్మా. నేనే కొట్టి రాశాను," అంది షోరూములో బిల్లులు కొట్టే అక్క.

"పొద్దున మీరూ అదే కొట్టుకున్నారుగా సార్?" అంది ఆమె. "ఆ కంపు మీ చొక్కాకీ ఉండాలే!"

యజమానురాలు వంగి ఆయన కాలర్ వాసన చూసింది, మళ్లీ ఆ రెండో పట్టీ వాసన చూసింది. రెండూ ఒకటే.

"రేపట్నుంచి పనిలోకి రామ్మా," అంది.

"రానమ్మా. ఆ రోజు ఈయన అన్నది అందరూ విన్నారు. తప్పు తనదేనని ఇప్పుడు అందరికీ వినపడేలా ఈయన్ని చెప్పమనండి."

ఆయన చేత మూడుసార్లు చెప్పించింది. మొదటి రెండుసార్లూ వినపడలేదంది. నిజానికి బాగానే వినపడింది.