రెండు సంఘాలకు ఒక్క ఓటు

లూథరన్ సంఘాల మహాసభకు దర్జీ అక్క రావడం అది మూడోసారి. ఆమె సంఘానికీ, ఏటి అవతలి సంఘానికీ పాస్టరుగారు ఒక్కరే కావడంతో రెండింటికీ కలిపి ఒకే ఓటు. దాన్ని వంతులవారీగా వేస్తారు; ఈసారి వంతు అవతలి సంఘం పెద్ద, కాంపౌండరు బాబాయిది.

"వచ్చేసారి నీదేగా అమ్మా, ఏం తొందర?" అన్నాడాయన.

"వచ్చేసారంటే మూడేళ్లు బాబాయ్! అందాకా మా నూటనలభై మందీ నోరు మూసుకు కూర్చోవాలా?"

ఆమె నేరుగా మైకు దగ్గరికెళ్లి, ప్రతి సంఘానికీ సొంత ఓటు కావాలని అడిగింది. పది సంఘాల సంతకాలుంటేనే చర్చకు తీసుకుంటామన్నారు అధ్యక్షులు.

అందరూ భోజనాలకు కూర్చుంటే ఆమె కాగితం పట్టుకుని బల్లబల్లకూ తిరిగింది. కాళ్లు పీకుతున్నా ఆగలేదు. తొమ్మిది సంతకాలయ్యాక ఇక ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు కాంపౌండరు బాబాయి చెయ్యి చాచాడు.

"ఇటు తే. వచ్చేసారి నోరు మూసుకోవాల్సింది నేనేగా!"

సాయంత్రం తీర్మానం ఆరు ఓట్ల తేడాతో వీగిపోయింది.  అయినా దర్జీ అక్క కార్యదర్శి దగ్గరికెళ్లి, తమలాగే పాస్టరును పంచుకుంటున్న సంఘాలన్నింటి చిరునామాలూ రాయించుకుంది. తిరుగు బస్సులో బాబాయి పక్కనే కూర్చుని మొదటి ఉత్తరం మొదలుపెట్టింది.